చామంతి సూర్యుణ్ణి చూస్తుంది, పండుగ చంద్రుణ్ణి చూస్తుంది: గోదావరి డెల్టాలో పూల లెక్క

రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం వైపు జాతీయ రహదారి మీద వెళ్లేవారికి వేమగిరి దగ్గర నుంచి రోడ్డుకు రెండు పక్కలా నర్సరీలు కనిపిస్తాయి. ఆ మొక్కల వరుసల నడుమే కడియపులంక పూల మార్కెట్టు ఉంది. తెల్లవారుజామున బంతి, చామంతి, లిల్లీ, కనకాంబరం, కాలాన్ని బట్టి మల్లె, కాగడా గోనె సంచుల్లోనూ గంపల్లోనూ అక్కడికి చేరి కాటా ఎక్కుతాయి. దాదాపు అదే వేళకు రహదారి మీద ఆగే ట్రావెల్స్ బస్సుల అడుగు అరల్లోంచి పొడవాటి అట్టపెట్టెలు దిగుతాయి. వాటిలో ఇరవై చొప్పున కట్టిన డచ్ గులాబీలు, పది చొప్పున కట్టిన జెర్బెరాలు, వాటితోపాటు కార్నేషన్లు ఉంటాయి. వీటిని తూచరు, కాడలు లెక్కపెట్టి అమ్ముతారు. ముందు రోజు హోసూరు, బెంగళూరు పరిసరాల్లో కోసిన ఆ పూలు సాయంత్రానికి ఇక్కడి ఫంక్షన్ హాళ్లలో రిసెప్షన్ వేదికల మీద ఉంటాయి.

దేశమంతటికీ మొక్కలు పంపే ఈ కడియం మండలానికి పెళ్లి వేదిక మీది గులాబీ మాత్రం రాత్రంతా ప్రయాణం చేసి పొరుగు రాష్ట్రం నుంచి ఎందుకు రావాలన్నది న్యాయమైన ప్రశ్నే. మన రైతుకు ఆధునిక పద్ధతులు తెలియవనీ, పాలీహౌస్ (ప్లాస్టిక్ కప్పు వేసిన సాగుగది) కట్టుకుంటే ఇక్కడా పండుతాయనీ దానికి చాలామంది చెప్పే జవాబు. ఆ జవాబు తప్పని నా అభిప్రాయం. డెల్టాలో ఆ పూలు పండకపోవడానికి గాలిలో ఒక కారణం ఉంది, మనం పూలు వాడే తీరులో ఇంకొక కారణం ఉంది. ఈ రెంటినీ విడదీసి చూడకపోతే ఇక్కడి పూల రైతు ఏ రోజు ఎందుకు లాభపడతాడో, ఏ రోజు సంచులను రోడ్డు పక్కన ఎందుకు పారబోస్తాడో అర్థం కాదు.

విడిపువ్వు, కాడపువ్వు

పువ్వు అనే ఒక్క మాట కింద రెండు వేర్వేరు వ్యాపారాలు నడుస్తున్నాయి. తొడిమ దగ్గర తుంచి కిలోల్లో అమ్మేది విడిపువ్వు. పొడవాటి కాడతో కోసి, నీళ్లలో నిలబెట్టి, లెక్కన అమ్మేది కాడపువ్వు. విడిపువ్వుకు కాడ ఉండదు కాబట్టి కోసిన తరువాత అది నీరు తాగలేదు. రేకుల్లో నిలవ ఉన్న తేమతోనే దాని ఆయుష్షు గడవాలి. కాడపువ్వు నీళ్లలో ఉన్నంతకాలం తాగుతూనే ఉంటుంది కాబట్టి వారం పది రోజులు నిలుస్తుంది.

మన వాడకానికి ఒక్క రోజు నిలిచే పువ్వు చాలు. దేవుడికి పెట్టిన పువ్వు మరునాడు నిర్మాల్యమవుతుంది, జడలో తురుముకున్న మల్లె తెల్లవారేసరికి వాడిపోతుంది, గుమ్మానికి కట్టిన బంతి దండ పండుగ మర్నాడు ఎండిపోయినా ఎవరూ పట్టించుకోరు. ఈ వాడకాలకు కావలసింది వాసన, రంగు, దండలో ఒదిగే తేలికదనం. కనకాంబరానికి వాసన లేదు. అయినా అది తేలికగా ఉంటుంది, తుంచిన తరువాత కూడా రంగు చెడకుండా చాలాసేపు నిలుస్తుంది కాబట్టి మల్లెకు జతగా జడలో స్థిరపడింది. డెల్టా రైతు తరతరాలుగా ఈ అవసరాలకు సరిపడే పూలనే ఎంచుకున్నాడు, అందులో వెనుకబాటుతనం ఏమీ లేదు.

ఇక్కడ పేర్ల గందరగోళాన్ని కూడా విప్పుకోవాలి. కోస్తాలో లిల్లీ అని పిలిచేది వృక్షశాస్త్రం చెప్పే లిల్లీ కాదు. కొన్నిచోట్ల నేలసంపెంగ అనీ, హిందీవారు రజనీగంధ అనీ పిలిచే దుంపజాతి మొక్క అది. దాని పుట్టిల్లు మెక్సికో. మన గుమ్మాలకు తోరణమైన బంతిదీ అదే పుట్టిల్లు. చామంతి చైనా నుంచి వచ్చింది. వీటిని మనం ఎంత సొంతం చేసుకున్నామంటే అవి లేకుండా తెలుగువారి పెళ్లిని ఊహించడమే కష్టం. ఇక ఢిల్లీ కనకాంబరమనే రకం దక్షిణాది తోటల్లోనే రాజ్యమేలుతోంది. అది విత్తనం కట్టని త్రిగుణిత (మూడు వరుసల క్రోమోజోములున్న) రకం కావడంతో కొమ్మ అంట్లతోనే పెంచాలి. నర్సరీలకు అదొక స్థిరమైన గిరాకీ.

రాత్రి చల్లబడని చోట

డచ్ గులాబీ, కార్నేషన్, జెర్బెరా మొక్కలకు పగటి ఎండకంటే రాత్రి చల్లదనం ముఖ్యం. పగలు ఆకులు తయారుచేసుకున్న ఆహారంలో కొంత భాగాన్ని మొక్క రాత్రిపూట శ్వాసక్రియకు ఖర్చు చేస్తుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆ ఖర్చు సుమారు రెండు మూడు రెట్లవుతుంది. రాత్రి చల్లబడే చోట మిగిలిన ఆహారం కాడ పొడవుకు, మొగ్గ బరువుకు, రేకుల మందానికి పోతుంది. సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరు, హోసూరు పీఠభూమికి ప్రకృతి ఇచ్చిన వరం ఇదే. సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్న గోదావరి డెల్టాలో వేసవి రాత్రుల్లో కూడా ఉష్ణోగ్రత తరచుగా ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది డిగ్రీల కిందికి దిగదు. ఆ వేడిలో పెరిగిన గులాబీకి కాడ పొట్టిగా వస్తుంది, మొగ్గ చిన్నదై త్వరగా విచ్చుకుంటుంది, రంగు వెలవెలబోతుంది. కాడ పొడవును బట్టి ధర పలికే సరుకులో పొట్టి కాడ అంటే నేరుగా నష్టమే.

పాలీహౌస్ దీన్ని సరిచేస్తుందని అనుకోవడం దాని స్వభావాన్ని పొరపాటుగా అర్థం చేసుకోవడం. ప్లాస్టిక్ కప్పు వానను ఆపుతుంది, గాలిని ఆపుతుంది, పురుగును కొంత ఆపుతుంది. వేడిని మాత్రం లోపలే పట్టి ఉంచుతుంది. చలిదేశాల్లో ఆ ఇంటిని కనిపెట్టిందే వేడి కోసం. దానికి చల్లదనం కావాలంటే ఒక గోడకు తడికలు అమర్చి, వాటి మీద నీళ్లు పారించి, ఎదుటి గోడలోని ఫ్యాన్లతో గాలిని లాగాలి. ఈ ఏర్పాటుకు మన ఇళ్లలోని మట్టికుండ సూత్రమే ఆధారం. కుండ గోడల మీద ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. అయితే పొడిగాలి వీచే రోజున చల్లగా ఉండే కుండనీరు ఉక్కపోసే రోజున గోరువెచ్చగానే ఉంటుందని అందరికీ తెలుసు. గాలిలో అప్పటికే తేమ నిండి ఉన్నప్పుడు నీరు ఆవిరి కాదు, ఆవిరి కానప్పుడు చల్లదనం పుట్టదు. కోనసీమలో ఒళ్లంతా చెమట కారినా ఆరని రోజులు ఏడాదికి ఎన్ని ఉంటాయో తలచుకుంటే ఆ ఫ్యాన్ల కరెంటు బిల్లు ఎక్కడికి పోతుందో చెప్పనక్కరలేదు. రాయలసీమ మెట్టలో, హైదరాబాదు చుట్టుపక్కల కొంతవరకు పనిచేసే పద్ధతిని సబ్సిడీ ఉందన్న ఒక్క కారణంతో ఇక్కడికి యథాతథంగా తేవడం నాకు సమంజసంగా కనిపించదు. మొక్కల్ని ఎండదెబ్బ నుంచి కాపాడే నీడవలల సంగతి వేరు. అవి ఇక్కడి నర్సరీలకు నిజంగా ఉపయోగపడుతున్నాయి.

కోసిన తరువాత కాడపువ్వును బతికించడం మరొక విద్య. కాడలోని సన్నని నాళాల్లో నీరు తెగని దారంలా పైకి పోతూ ఉంటుంది. కోసిన క్షణంలో ఆ దారం తెగి, కొనలో గాలి బుడగ దూరుతుంది. అందుకే కాడను నీళ్లలో ముంచి మరొకసారి కొన కత్తిరించమంటారు. నిలవ నీటిలో పెరిగే సూక్ష్మక్రిములు కూడా ఆ నాళాలను మూసేస్తాయి కాబట్టి నీటిని శుభ్రంగా, కొద్దిగా పులుపుగా ఉంచి, పువ్వుకు ఆహారంగా కాస్త చక్కెర కలుపుతారు. క్రిమినాశిని లేకుండా చక్కెర ఒక్కటే వేస్తే పువ్వుకంటే ముందు క్రిములే తింటాయి. ఇంట్లో ఫ్లవర్‌వాజులో పంచదార వేసి పువ్వు నిలవలేదని వాపోయేవారికి జరిగేది ఇదే. పండిన అరటిపండ్ల పక్కన పూలు పెట్టడం మరొక పొరపాటు. పండ్లు విడుదల చేసే ఇథిలీన్ వాయువు తగిలితే కార్నేషన్ వంటి పూలు రేకులు ముడుచుకుని నిద్రపోయినట్టు వాలిపోతాయి. రావులపాలెం అరటి మార్కెట్టుకు ప్రసిద్ధి. పూల పెట్టెను, మాగుతున్న గెలలను ఒకే గదిలో ఉంచినవారు నష్టపోతే ఆ తప్పును హోసూరు రైతు మీద వేయకూడదు.

పంచాంగం పెట్టే పరీక్ష

విడిపూలకు ఈ బాధలు తక్కువే కానీ వాటికి వేరే చిక్కు ఉంది, నా దృష్టిలో డెల్టా పూల వ్యాపారానికి అసలు ముడి అదే. గిరాకీ పంచాంగం మీద నడుస్తుంది, పంచాంగం చంద్రుడి మీద నడుస్తుంది. మొక్క మాత్రం పగటి పొడవును, ఎండను, వానను చూసుకుని పూస్తుంది; అంటే సూర్యుడి లెక్కలో బతుకుతుంది. ఈ రెండు లెక్కలను కలపడమే పూల రైతు పని.

వినాయక చవితినే తీసుకుందాం. 2022లో అది ఆగస్టు 31న వచ్చింది. 2023లో అధిక శ్రావణం పడటంతో సెప్టెంబరు 18కి జరిగింది. 2024లో సెప్టెంబరు 7న, 2025లో ఆగస్టు 27న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం వల్ల మళ్లీ సెప్టెంబరు 14కు పోయింది. బంతి నారు నాటిన తరువాత తొలిపూతకు రకాన్ని బట్టి సుమారు రెండు నెలలు పడుతుంది. నడుమ ఒకసారి తలలు తుంచితే పక్కకొమ్మలు వచ్చి పూత పెరుగుతుంది గానీ కొన్ని రోజులు ఆలస్యమవుతుంది. అంటే 2025 చవితికి అందుకోవాలంటే జూన్ చివరికే నారు నేలలో ఉండాలి, 2026 చవితికైతే జూలై నడిమి దాకా ఆగాలి. నిరుడు ఫలానా తేదీన నాటితే బాగా కలిసొచ్చిందన్న అనుభవం ఈ పంటలో మరుసటి ఏడాదికి పనికిరాదు. వరి రైతు కార్తెలను చూసుకుంటాడు, కార్తెలు సూర్యుడివి కాబట్టి ఏటా దాదాపు అవే తేదీలకు వస్తాయి. పూల రైతు కార్తె, తిథి రెండూ చూడాలి.

చామంతి దగ్గర ఈ చిక్కు మరింత ముదురుతుంది. రాత్రి పొడవు పెరుగుతున్నప్పుడు మొగ్గ తొడిగే మొక్క అది. మన అక్షాంశం దగ్గర జూన్ పగటికీ డిసెంబరు పగటికీ తేడా రెండు గంటలే అయినా ఆ తేడాను అది పసిగడుతుంది. కొమ్మ ఎదగకముందే రాత్రులు పొడవైతే చిన్న మొక్కే మొగ్గ తొడిగి నాలుగు పూలతో సరిపెడుతుంది. దీనికి విరుగుడుగా తోటలో వరుసగా బల్బులు వేలాడదీసి రాత్రిపూట కొన్ని గంటలు వెలిగిస్తారు. దూరం నుంచి చూసేవారికి తిరనాళ్ల అలంకరణలా కనిపించే ఆ దీపాల పని చీకటిని ముక్కలు చేయడం. ఎడతెగని చీకటి దొరకనంతకాలం చామంతి వేసవి సాగుతోందని భ్రమపడి ఆకునూ కొమ్మనూ పెంచుకుంటుంది. కావలసిన తేదీకి ముందు లెక్క చూసుకుని దీపాలు ఆర్పేస్తే, అక్కడి నుంచి రకాన్ని బట్టి కొన్ని వారాల్లో తోట పూతకు వస్తుంది. చంద్రుడి తిథికి సూర్యుడి మొక్కను ఒప్పించే ఉపాయం నాకు తెలిసినంతలో ఇదొక్కటే.

పండుగలకంటే పెళ్లిళ్లు మరింత జటిలం. ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో ముహూర్తాలు ఉండవన్నది ఏటా తెలిసిందే కాబట్టి దానికి అందరూ సిద్ధంగానే ఉంటారు. చిక్కంతా మౌఢ్యాలతో వస్తుంది, వాడుకలో వాటినే మూఢమంటారు. గురుడు గానీ శుక్రుడు గానీ సూర్యుడికి మరీ దగ్గరగా ఉండి కంటికి కనిపించని రోజుల్లో శుభకార్యాలు చేయరు. గురు మౌఢ్యం పదమూడు నెలలకొకసారి సుమారు నెల రోజులు ఉంటుంది. శుక్రుడు సూర్యుడికి అవతలి వైపుకు వెళ్లే సందర్భం సుమారు 584 రోజులకొకసారి వస్తుంది, అప్పుడు మౌఢ్యం రెండు నెలలు దాటుతుంది. 2024లో ఈ రెండూ కలిసిపోయాయి. ఏప్రిల్ చివర నుంచి జూలై మొదటి వారం దాకా శుక్ర మౌఢ్యం నడవగా, మే నెలలో గురు మౌఢ్యం దానికి తోడైంది. సాధారణంగా పెళ్లిళ్లతో కిటకిటలాడే వైశాఖ జ్యేష్ఠాల్లో ముహూర్తమన్నదే లేకుండా పోయింది. మల్లె విరగబూసేది సరిగ్గా ఆ నెలల్లోనే. శీతకాలంలో కొమ్మలు కత్తిరించి, ఎరువు వేసి, మార్చి నుంచి జూన్ దాకా వచ్చే పూత మీద ఆశపెట్టుకున్న మల్లె రైతుకు అటువంటి ఏడాదిలో గుళ్లూ, రోజువారీ జడలూ తప్ప పెద్ద గిరాకీ ఏదీ మిగలదు. మల్లె బహువార్షిక పంట కాబట్టి ఆ ఏటికి మాని వేరొకటి వేసుకునే వీలు కూడా లేదు.

మూఢం తేదీలు ఏళ్ల ముందే లెక్కకట్టగలిగినవి. రైతుకు ఇచ్చే సాగు సూచనల్లో వాన సూచన, పురుగు సూచన ఉంటాయి గానీ ముహూర్తాల సూచన ఉండదు. పూల విషయంలో అది పురుగుకంటే పెద్ద విషయం.

పది రూపాయల పువ్వు, యాభై రూపాయల పువ్వు

మార్కెట్టులో ధర ఐదు రెట్లు పెరిగితే రైతు ఆదాయం ఐదు రెట్లు పెరుగుతుందనుకుంటాం. పూలలో అలా జరగదు. లెక్క అర్థం కావడానికి ఊహించిన అంకెలతో చూద్దాం. కిలో బంతి కోయడానికి కూలీ ఐదు రూపాయలు, గోనె సంచీ ఆటో కిరాయీ కలిసి రెండు రూపాయలు, కమీషన్ పదో వంతు అనుకుందాం. ధర పది రూపాయలుంటే అన్నీ పోగా రైతుకు రెండు రూపాయలు మిగులుతాయి. ధర యాభై అయితే ముప్పై ఎనిమిది మిగులుతాయి. ధర పెరిగింది ఐదు రెట్లే, మిగులు పందొమ్మిది రెట్లు పెరిగింది. అదే ధర ఏడుకు పడితే కిలోకు డెబ్బై పైసలు చేతి నుంచి పడతాయి. కోత కూలీ ధరను బట్టి తగ్గదు కాబట్టి ఈ ఊగిసలాట తప్పదు. ఏడాది మొత్తం మీద బంతి రైతు బాగుపడ్డాడా చితికిపోయాడా అన్నది కొద్దిపాటి రోజుల ధరే తేల్చడానికి మూలం ఇక్కడ ఉంది.

నష్టమని తెలిసినప్పుడు కోయకుండా వదిలేయవచ్చు కదా అని అడగవచ్చు. పండుగలన్నీ అయిపోయాక వదిలేస్తారు కూడా. కానీ ముందు మరొక పండుగ ఉంటే వదలలేరు. మొక్క మీద మిగిలిన పువ్వు ముదిరి విత్తనం కట్టడం మొదలుపెడితే మొక్క తన బలమంతా దానికే పెట్టి కొత్త మొగ్గలు తగ్గిస్తుంది. చవితి తరువాత ధర పడిపోయినా దసరా పూత కోసం రైతు కూలీ ఇచ్చి కోయించి పారబోయాల్సిందే. పత్రికల్లో ఏటా కనిపించే, రోడ్డు పక్కన గుట్టలుగా పోసిన బంతిపూల ఫొటోల వెనుక చాలాసార్లు ఉండేది ఈ లెక్కే. చూసేవారికి అది కోపంగానో నిస్పృహగానో తోస్తుంది. కోయించినవాడికి అది రాబోయే పంటకు పెట్టిన పెట్టుబడి.

శీతల గిడ్డంగి ఉంటే ఈ బాధ తీరుతుందన్న మాట కూడా తరచుగా వినిపిస్తుంది. నిలవ చేయడం వల్ల లాభం ఎప్పుడంటే, రేపటి ధర నేటికంటే ఎక్కువగా ఉంటుందన్నప్పుడు. పండుగకు మూడు నాలుగు రోజుల ముందు అది నిజమే. అప్పుడు చల్లని గది బంతికి, చామంతికి కొంత మేలు చేస్తుంది. పండుగ మర్నాటి సరుకును ఎంత చల్లగా దాచినా దాని ధర లేవదు. పైగా చల్లని గదిలోంచి ఉక్కపోతలోకి తెచ్చిన పువ్వు మీద మంచినీళ్ల సీసాకు పట్టినట్టు చెమట పట్టి, రేకులు మచ్చలు దేలి కుళ్లిపోతాయి. ధర బాగా పెరిగిన రోజున బెంగళూరు, తమిళనాడు వైపు నుంచి లారీలు బయలుదేరడం వల్ల పైకెగసిన ధరకు ఒక కప్పు కూడా ఉంది. కడియపులంక నుంచి సరుకు విశాఖపట్నం, శ్రీకాకుళం, ఒడిశా వైపు పోతుంది కాబట్టి అక్కడి వాన, అక్కడి పెళ్లి కూడా ఇక్కడి ధరను కదిలిస్తాయి.

అమ్మే పద్ధతిలోనూ రెండు పూలకు పోలిక లేదు. బెంగళూరు హెబ్బాళలోని పూల వేలం కేంద్రం కాడపూల కోసం ఏర్పడింది. నెదర్లాండ్స్‌లోని ఆల్స్‌మీర్ వేలంలో వాడే పద్ధతి ప్రకారం గడియారం పెద్ద ధర దగ్గర మొదలై కిందికి దిగుతూ ఉంటుంది, ముందు ఎవరు ఆపితే వారిదే సరుకు. కాడ పొడవు, మొగ్గ విచ్చిన స్థాయి, కట్టలో సంఖ్య ముందే నిర్ణయమై ఉండటం వల్ల పువ్వును చేత్తో తాకకుండానే ధర పెట్టవచ్చు. విడిపూల గంపలో అది సాధ్యం కాదు. పైన తాజా పూలు, అడుగున నలిగినవి ఉండవచ్చు. బరువు కోసం నీళ్లు చల్లి ఉండవచ్చు. వాన తడి కూడా అంతే బరువు తూగుతుంది. అందుకే గంపలో చేయి పెట్టి చూసే వ్యాపారి, తరుగు పేరుతో కోత, రోజూ అదే కొట్టుకు వేసే రైతుకూ కొట్టు యజమానికీ మధ్య నమ్మకం మీద నడిచే ఖాతా ఇక్కడ కొనసాగుతున్నాయి. ఆ ఖాతాలో నాటువేళ తీసుకున్న అడ్వాన్సు ఉంటే సరుకును మరొక కొట్టుకు తీసుకుపోయే స్వేచ్ఛ రైతుకు ఉండదు. ఈ బంధాన్ని దోపిడీ అని ఒక్కమాటలో తేల్చేయడం సులువే గానీ, కౌలు రైతుకు ఏ పత్రమూ లేకుండా పెట్టుబడి ఇచ్చే మరొక చోటు ఏదన్న ప్రశ్నకు కూడా జవాబు కావాలి.

లంక నేల, వరద నీరు

పూలతోటలకు లంక భూములు, అంటే గోదావరిలో మేట వేసిన దిబ్బలు, ఎంతో అనుకూలం. ఏటా వరద తెచ్చి వేసే ఒండ్రు, నీరు నిలవని ఇసుక పాలు, చేతికందే లోతులో నీరు ఉంటాయి. డెల్టా మాగాణుల బంకమట్టిలో బంతికి వేరుకుళ్లు వచ్చేస్తుంది, లంకలో ఆ భయం తక్కువ. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు కూడా ఫిల్టర్ పాయింటు (తక్కువ లోతు గొట్టపుబావి) వేసుకున్నవారి తోటకు తడి అందుతుంది. అయితే ఆ ఒండ్రు తెచ్చే నదే శ్రావణంలో తోటను అడుగుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 దగ్గర రెండవది, 17.75 దగ్గర మూడవది ఇస్తారు. 2022 జూలైలో బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రానికి పోయింది. 1986 ఆగస్టు వరద దానికంటే పెద్దది. నీళ్లు తీసేశాక వరి కొంతవరకు తేరుకుంటుంది, బంతి, చామంతి రెండు రోజులు మునిగితే తేరుకోవు. వరలక్ష్మీ వ్రతానికి ధర పలికే రోజులూ, వరద హెచ్చరికల రోజులూ ఒక్కటే కావడం లంక రైతు ఏటా ఆడే జూదం. వరద వచ్చిన ఏడాది మెరక మీద తోట ఉన్నవాడి పంట పండుతుందన్నది చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉన్నా నిజం.

ఇక్కడి గాలికి సరిపడే కాడపూలు

గులాబీని వదిలేస్తే డెల్టాకు కాడపూలే లేవని కాదు. మొదట చెప్పాల్సింది లిల్లీ గురించే. ఒంటిరెక్క రకాలు వాసనతో, ఎక్కువ పూతతో విడిపూలకు పనికొస్తాయి. ముద్దరెక్క రకాలు కాడతో కోసి అమ్మడానికి మేలు. బెంగళూరు శివారు హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ శృంగార్, మెక్సికన్ సింగిల్ రకాలను సంకరపరిచి తెచ్చిన ప్రజ్వల్ రకం రెండు పనులకూ వస్తుంది. ఒకే తోటలో ధర ఉన్న రోజున కింది రెండు మూడు పూలు విచ్చగానే కాడతో కోసి కట్టలు కట్టవచ్చు, లేని రోజున పూలు తుంచి కిలోల్లో వేయవచ్చు. రెండు గిరాకీల మధ్య అటూ ఇటూ మారగల ఈ వెసులుబాటు గులాబీకి లేదు, బంతికీ లేదు.

రెండవది హెలికోనియా. అరటికి దగ్గరి చుట్టమైన ఈ మొక్కకు వేడి, తేమ, పలుచని నీడ కావాలి. అంటే కొబ్బరి తోట కావాలి. కోనసీమలో కొబ్బరి కింద కోకో వేసినట్టే దీన్నీ వేయవచ్చు. వేదికల అలంకరణలో ఎర్రని, పసుపుపచ్చని దాని పొడవాటి గెలలు రెండు మూడు ఉంటే చాలు, చుట్టూ ఎంతో జాగా నిండుతుంది. అయితే కాడపువ్వు అనగానే ఫ్రిజ్‌లో పెట్టే అలవాటు దీనికి పనికిరాదు. గులాబీకి రెండు నుంచి నాలుగు డిగ్రీలు మేలు చేస్తే, హెలికోనియా, ఆంథూరియం వంటి ఉష్ణమండలపు పూలు పన్నెండు పదమూడు డిగ్రీల కిందికి పోతే చలిదెబ్బ తిని నల్లబడతాయి. వీటికి గిరాకీ ఇంకా పరిమితమే, ఊరంతా ఒకేసారి వేస్తే బంతికి పట్టిన గతే పడుతుంది.

పూలకంటే నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది ఆకు. ఏ పూలగుత్తిని విప్పి చూసినా ఆకులు చాలానే ఉంటాయి. ఆకుకు ముహూర్తం లేదు, ముదిరితే విత్తనం కట్టే బెడద లేదు, కోయకుండా వారం ఆగినా చెట్టు మీదే నిలవ ఉంటుంది. డ్రసీనా, క్రోటన్, ఫెర్న్, రకరకాల తాటిజాతి మొక్కలు కడియం నర్సరీల్లో దశాబ్దాలుగా కుండీల్లో పెరుగుతున్నవే. పుష్పసాగు పరిశోధనకు పుణెలో ఉన్న జాతీయ సంస్థ తన ప్రాంతీయ కేంద్రాన్ని వేమగిరిలో పెట్టింది. తాడేపల్లిగూడెం పక్కన వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. కుండీలో అమ్మే మొక్క నుంచే ఆకు కోసి కట్టగా అమ్మడానికి కొత్త విత్తనమూ అక్కరలేదు, పాలీహౌసూ అక్కరలేదు. కోసే వేళ, కట్టలో ఆకుల సంఖ్య, తడి గుడ్డలో చుట్టి పెట్టెలో సర్దే పద్ధతి నేర్చుకుంటే చాలు. హోసూరు నుంచి గులాబీ పెట్టెలు దించిన ట్రావెల్స్ బస్సు అదే సాయంత్రం తిరుగు ప్రయాణం కడుతుంది. దాని అడుగు అరలో అప్పుడు చోటు ఖాళీగానే ఉంటుంది.